మణికట్టు మీద మృత్యువు

వాచీ అదిరింది. "మాత్ర వేసుకోండి" అని తెర మీద అక్షరాలు వెలిగాయి.

చీఫ్ ఇంజనీరు ఈతకొలను గట్టు మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. సంచిలోంచి మాత్రల డబ్బా తీసి ఒకటి మింగి, వాచీ మీద "వేసుకున్నాను" అన్న గుర్తు నొక్కాడు. బూట్లు తొడుక్కునేలోపే వాచీ మళ్ళీ అదిరింది. ఇందాక వేసుకోలేదా? గుర్తు కోసం చూశాడు. లేదు. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైందని ఆయనకే అనుమానం. మనిషికి మతిమరుపు గానీ గడియారానికి ఉంటుందా? వేసుకున్నాడు. కారెక్కాక మరోసారి అదిరింది. ఆఫీసు గేటు దగ్గర ఇంకోసారి.

గుండె వేగం తగ్గించే మాత్ర అది. ఒకటి వేసుకుంటే మందు. వరసగా వేసుకుంటే విషం.

ఆఫీసు మెట్లు సగం ఎక్కేసరికి ఆయన కాళ్ళు ఆయన మాట వినలేదు. రెయిలింగ్ పట్టుకోబోయి గాలిని పట్టుకున్నాడు. బోర్లా పడ్డాక వాచీ మర్యాదగా అడిగింది: "మీరు పడిపోయినట్టున్నారు. బాగానే ఉన్నారా?"

జవాబు రాలేదు. అలా జవాబు రానప్పుడు అది ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. ఆ ఏర్పాటు ఎవరో ముందే ఆపేసి ఉంచారు.

బస్టాండు ఎదుట కళ్ళద్దాల దుకాణం ఒకటుంది. వెనక గదిలో చూపు పరీక్ష చేసే యంత్రం. దాని మీద గడ్డం ఆనించి కూర్చున్న మనిషికి నలభై దాటాయి. డిపార్ట్‌మెంటులో అతన్ని తాబేలు అంటారు. పనిలో నిదానమని కాదు, అతని నాడి నిదానం. ఎదురుగా తుపాకి పెట్టినా అది పరిగెత్తదు.

"కింది వరస చదువు," అన్నాడు అవతల కూర్చున్న తెల్లకోటు మనిషి.

"అక్షరాలు ఈదుతున్నాయి సార్."

"ఏ నీళ్ళలో?"

"మంచినీళ్ళలో."

కోడ్ సరిపోయింది. తెల్లకోటు మనిషి లేచి తలుపు గడియ వేశాడు. గూఢచారి డిపార్ట్‌మెంటు అధిపతి ఆయనే. పెద్దాయన అంటారు అందరూ. మనుషుల్ని చావుకి పంపేటప్పుడు కూడా కళ్ళజోడు ఫ్రేము ఎంచిపెడుతున్నంత ఓపికగా మాట్లాడతాడు.

"చీఫ్ ఇంజనీరుది గుండెపోటని బయటికి చెప్పాం. కాదు. వాచీలో మాత్రల రిమైండర్ ఎవరో మార్చారు. అది మింగమన్నప్పుడల్లా మింగాడు పాపం."

తాబేలు యంత్రం మీంచి గడ్డం తీశాడు. చీఫ్ ఇంజనీరు అతనికి పరాయివాడు కాదు, కాబోయే బావ. ఆయన ఉన్న డ్యామ్ ఆఫీసులోనే పనిచేసే అక్కకి యాభయ్యో పడిలో దొరికిన తోడు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచడంతోనే ఆమె పెళ్ళీడు గడిచిపోయింది.

"డ్యామ్ గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తాలంటే ఇద్దరు ఆఫీసర్ల ఆమోదం కావాలి," అన్నాడు పెద్దాయన. "ఇద్దరూ తమ తమ వాచీ మీద వేలు పెట్టి ఒక నిమిషం ఉంచాలి. ఆ నిమిషమంతా వాచీ వాళ్ళ నాడి చూస్తుంది. నాడి ఎగిరిందా, ఎవరో బెదిరిస్తున్నారని లెక్క. ఆమోదం రద్దు. గేట్లకి తాళం. సైరన్. మధ్యలో వేలు కదిలితే మాత్రం మళ్ళీ మొదటికి. ఈ కాపలా పెట్టింది చీఫ్ ఇంజనీరే."

"వాచీ ఊడదీసుకుపోతే?"

"పనిచెయ్యదు. ప్రాణమున్న మణికట్టు మీదే పనిచేస్తుంది. ఆయన్ని బెదిరించి లాభం లేదు, తన నాడి ఎలా ఎగరగొట్టాలో ఆయనకి తెలుసు. అందుకే తప్పించారు. ఆయన కుర్చీలోకి ఇన్‌ఛార్జ్ వచ్చాడు. వాడు పొరుగుదేశం ముఠాకి అమ్ముడుపోయిన సరుకు. ఒక చెయ్యి దొరికింది. రెండో చెయ్యి..."

"మా అక్కది."

"సీనియారిటీ ప్రకారం. మన దేశంలో ప్రమోషన్లు ఎప్పుడూ చెడ్డరోజునే వస్తాయి." పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "జలాశయం నిండుకుండలా ఉంది. గేట్లన్నీ లేస్తే దిగువన ఆయుధాల ఫ్యాక్టరీ కొట్టుకుపోతుంది. వాళ్ళకి కావలసింది అదే. ఊరు కొసరు."

"ఇన్‌ఛార్జ్‌ని ఇవాళే లోపలెయ్యండి."

"వేస్తే మిగతావాళ్ళు కలుగుల్లో దూరతారు. చేతులు వాచీ మీద ఉండగా పట్టుకోవాలి. లోపల మనకి ఒక మనిషి ఉంది. స్మార్ట్‌వాచీ వాడకం నేర్పే టీచరమ్మ. తను మనదేనని మనతో అంటుంది. తమదేనని వాళ్ళూ అంటారు. ఎవరు మోసపోతున్నారో నువ్వు తేల్చు."

"మారువేషం?"

"అక్కతో కలిసి క్లాసుకి వెళ్ళు. వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే తమ్ముడిగా. నీకు అంతకంటే మంచి మారువేషం నేను కుట్టించలేను."

ఫర్నిచర్ షాపు మీది గదిలో క్లాసు. కొత్త వార్నిష్ వాసన. ఇంకా అమ్ముడుపోని కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు, ఇద్దరు రిటైర్డు డాక్టర్లు. అక్క రెండో వరసలో కూర్చుంది. చావు ఇంటి నలుపు ఇంకా కళ్ళ కింద ఉంది.

"ఇది ఆయన కొనిచ్చిందిరా," అంది మణికట్టు చూపిస్తూ. "టైమ్ చూసుకోడానికే వాడుతున్నావా అని దెప్పేవాడు. ఫీజు కూడా తనే కట్టాడు. మానేద్దామనుకున్నా. మళ్ళీ ఆయన మాట తీసేసినట్టవుతుందని వచ్చా."

టీచరమ్మ లోపలికి రాగానే గదిలో మగవాళ్ళంతా నిటారుగా కూర్చున్నారు. మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఎర్ర గోళ్ళు, మాటకంటే ముందు వచ్చే నవ్వు.

"మీలో చాలామంది దీన్ని గోడ గడియారంలా వాడుతున్నారు," అంది. "ఏనుగుని కొని ఇంటి ముందు కాపలాకి కట్టేసినట్టుంది. దాని చేత పని చేయించండి."

చేయించడం చూపించింది. గుడ్లు ఉడకపెట్టి మర్చిపోయేవాళ్ళకి టైమర్. ఫోను ఎక్కడ పడేశామో తెలియనివాళ్ళకి ఒక నొక్కు, సోఫా సందులోంచైనా ఫోను కేక పెడుతుంది. గ్రూప్ ఫోటోలో అందరితో పాటు తామూ ఉండాలనుకునేవాళ్ళకి మణికట్టు మీంచే కెమెరా. చేతిలో సంచులున్నప్పుడు సరుకుల జాబితా నోటితో చెబితే అదే రాసుకుంటుంది. మీటింగులో ఫోను మోగితే తెర మీద అరచెయ్యి కప్పితే చాలు, నోరు మూసుకుంటుంది.

"మా ఆఫీసులో కొందరికి కూడా ఆ సదుపాయం ఉంటే బాగుణ్ణు," అంది అక్క. గది నవ్వింది. ఆయన పోయాక ఆమె నోట జోకు రావడం అదే మొదలు.

తర్వాత వాకీటాకీ. ఒకసారి తెరిచి ఉంచితే, అవతలివాళ్ళ మాట నేరుగా మణికట్టు మీదే మోగుతుంది. అక్క వెంటనే తమ్ముడి వాచీకి కలిపింది. "ఇక నువ్వు నా ఫోను ఎత్తకుండా తప్పించుకోలేవురా. తెరిచే ఉంచుతా. తిట్టాలనిపించినప్పుడల్లా తిడతా."

చివరగా గుండె. "మీ నాడి మీవాళ్ళ వాచీలో కనపడేలా పెట్టుకోండి," అంది టీచరమ్మ. "దూరంగా ఉన్నా, మీరు బాగున్నారో లేదో వాళ్ళకి తెలుస్తుంది." జాబితా తెరవగానే అక్క వేలు మొదటి పేరు మీద ఆగిపోయింది. పోయినవాడి పేరు. కాసేపటికి కిందికి జరిపి తమ్ముడి పేరు నొక్కింది. తాబేలు వాచీలో అక్క నాడి ఒక అంకెగా వెలిగింది.

క్లాసు అయ్యాక అతను మెట్ల మలుపులో నిలబడ్డాడు.

"స్ట్రాప్ వదులైంది," అన్నాడు.

"ఒక రంధ్రం బిగించుకోండి," అంది టీచరమ్మ. కోడ్ కుదరగానే నవ్వు తీసేసింది. "రేపు. మధ్యాహ్నం షిఫ్ట్ మారేటప్పుడు. మీ అక్కని నెమ్మదిగా ఉంచడానికి నన్నూ కంట్రోల్ రూమ్‌కి రమ్మన్నారు. మీవాళ్ళు అప్పటికి చుట్టూ ఉంటే చాలు."

"అక్కకి చెప్పి వాచీ ఇంట్లో పెట్టిస్తే?"

"ఆమె నాడి ముఠా కూడా చూస్తోంది. ఇవాళ రాత్రి ఆమె భయపడితే వాళ్ళకి తెలిసిపోతుంది. ఎవరూ దొరకరు. ఆమె మాత్రం రోడ్డు మీద ఏ లారీ కిందో దొరుకుతుంది."

"చీఫ్ ఇంజనీరు రిమైండర్ మార్చింది ఎవరు?"

"నేను కాదంటే నమ్ముతారా?"

"నమ్మను."

"మరి అడగడం దేనికి?" మెట్లు దిగుతూ వెళ్ళిపోయింది. మడమల చప్పుడు కింద వీధి దాకా వినపడింది.

పెద్దాయన ఫోనులో ఒకే మాట అన్నాడు. "చెప్పకు."

"మా అక్క సార్."

"అందుకే నీకింత చేదుగా ఉంది. ఇంకెవరి అక్కో అయితే నువ్వు నాకు ఫోనే చేసేవాడివి కాదు."

తాబేలు ఫోను పెట్టేశాడు. ఆ మాట నిజం.

పొద్దున అక్క వంటింట్లో గుడ్లు ఉడకపెట్టింది. వాచీ అదరగానే పొయ్యి ఆపింది. గుడ్డు కోసి పచ్చసొన చూపించింది. "చూడరా, సరిగ్గా కుదిరింది. ఇన్నేళ్ళూ రాయిలా ఉడకపెట్టి నీకు పెట్టాను, నోరు మెదపకుండా తిన్నావు."

"రాయే బాగుండేది," అన్నాడు.

"అబద్ధాలు నీకు చేతకావురా." అతని తల మీద చెయ్యి వేసి జుట్టు చెరిపింది. "ఏంటలా చూస్తున్నావు? దెయ్యాన్ని చూసినట్టు?"

"ఏం లేదు. ఇవాళ మీ క్యాంటీన్‌లో ఫిల్టర్లు మార్చే పని. గేటు దగ్గర నా పేరు చెప్పు."

"చెబుతాలే. మధ్యాహ్నం కలిసి తిందాం."

ఎరని కొక్కేనికి గుచ్చేవాడు కనీసం దాని కళ్ళలోకి చూడడు. తాబేలు చూశాడు. ఆమె చెప్పులు వేసుకుంటుంటే సంచి అందించాడు. స్ట్రాప్ వదులుగా ఉందంటే తనే బిగించి పెట్టాడు.

క్యాంటీన్‌లో నీళ్ళ యంత్రం విప్పి ముందు పెట్టుకున్నాడు. కొత్త ఫిల్టర్ గొట్టం లోపల, దూది పొర కింద, పిస్టల్. అటుగా వెళ్ళే గుమాస్తాలు మంచినీళ్ళు ఎప్పుడొస్తాయని అడుగుతున్నారు. వస్తాయని చెబుతున్నాడు. మణికట్టు మీద అక్క అంకె డెబ్బయ్యెనిమిది. పని చేసుకుంటున్న మనిషి నాడి.

మధ్యాహ్నానికి ఇంకా చాలా టైముంది. పెద్దాయన గేటు బయట కారులోనే ఉన్నాడు, ఆయన మనుషులు మాత్రం దారిలో ఎక్కడో టీ తాగుతూ ఉంటారు.

అంకె ఒక్కసారిగా నూట ముప్ఫయ్యయిదుకి ఎగిరింది.

గొట్టం పగలగొట్టి పిస్టల్ తీసి పరిగెత్తాడు. పరిగెడుతూనే పెద్దాయనకి ఫోన్ చేశాడు. "మొదలైంది. మధ్యాహ్నం కాదు, ఇప్పుడే." టీచరమ్మ అన్నీ నిజాలే చెప్పింది, ఒక్క టైమ్ తప్ప. వేలెడు అబద్ధం మోయడానికి బండెడు నిజం. అందరూ మధ్యాహ్నం కోసం కూర్చోవాలని.

కంట్రోల్ రూమ్‌కి వెళ్ళే పొడవాటి వరండాలో కాపలావాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తల ఒళ్ళోకి వాలి ఉంది. పక్కన తాగని టీ ఇంకా పొగలు కక్కుతోంది. చొక్కా ముందు భాగమంతా ఎర్రగా తడిసింది.

చివర పెద్ద గాజు గోడ. గుండు దిగని గాజు. ఇనుప తలుపుకి లోపల గడియ. అవతల ఇన్‌ఛార్జ్ తన వాచీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం పాలిపోయింది గానీ వాడి నాడికి ఢోకా లేదు, వేసుకోవలసిన మాత్ర ముందే వేసుకొచ్చాడు. తన నిమిషం అయిపోగానే చెయ్యి దులుపుకుని లేచాడు. గోడ మీది బోర్డులో ఒక పచ్చదీపం వెలిగింది.

రెండో దీపం అక్కది.

అక్క ఎడమ చేతిని టేపుతో బల్లకి అంటించారు. కుడిచేతిని తెచ్చి వాచీ పక్కనే కట్టారు. నోటికి టేపు. మోచేతి మడతలో ఇంజెక్షన్ రక్తపు చుక్క. టీచరమ్మ పక్కన కూర్చుని ఆమె జుట్టు నిమురుతోంది. అక్క తల ఊగుతోంది.

తాబేలు మణికట్టు మీద అంకె దిగుతోంది. నూట పది. తొంభై అయిదు. ఎనభై. అంకె ఇక్కడ దిగుతుంటే అక్కడ ఊరు మునగడానికి దగ్గరవుతోంది.

గాజు మీదికి రెండు గుళ్ళు పేల్చాడు. సాలెగూళ్ళలాంటి గీతలు పడ్డాయి తప్ప పగల్లేదు. టీచరమ్మ తలెత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు. అక్క చూపుడువేలు వాచీ మీద ఆనించి టేపు బిగించింది. అక్క వాచీ తెర మీద చిన్న వలయం తిరగడం మొదలుపెట్టింది. నిమిషం మొదలైంది.

వాకీటాకీ. అక్క తెరిచే ఉంచింది.

నొక్కి పట్టి అరిచాడు. "అక్కా! లే! వాళ్ళు గేట్లు ఎత్తుతున్నారు! ఊరు మునిగిపోతుంది!"

అతని గొంతు లోపల ఆమె మణికట్టు మీద మోగింది. ఇన్‌ఛార్జ్ ఉలిక్కిపడి వాచీ మీదికి చెయ్యి చాపాడు. టీచరమ్మ ఆ చేతిని కొట్టింది. తెర మీద ఇంకో వేలు పడితే నిమిషం మళ్ళీ మొదటికొస్తుంది. అంతసేపు వాళ్ళకీ లేదు.

అక్క రెప్పలు కదిలాయి. అంకె కదల్లేదు. ఊరు ఆమెకి చాలా దూరంలో ఉంది.

"అక్కా, నేనొచ్చాను. ఇక్కడే ఉన్నాను."

అంకె డెబ్బయినాలుగుకి పడిపోయింది.

తాబేలు తన పొరపాటు పసిగట్టాడు. తన గొంతు ఆమెకి జోల. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకున్న తమ్ముడి గొంతు. అతను ప్రేమగా ఎంత పిలిస్తే ఆమె అంత నిశ్చింతగా మునుగుతుంది, తనతో పాటు ఊరినీ ముంచుతుంది.

వలయం సగం దాటింది.

ఆమెని ఏది చంపుతుందో అతనికి తెలుసు. పెంచిన చేతికి తెలియని గాయం ఉంటుంది గానీ, పెరిగినవాడికి తెలియని చోటు ఉండదు.

"అక్కా," అన్నాడు. ఈసారి అరవలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా. "నీ ఆయన్ని చంపింది నేనే."

రెప్పలు ఆగిపోయాయి.

"ఆయన వాచీలో రిమైండర్ మార్చింది నేను. వరసగా నాలుగు మింగాడు. మెట్ల మీద కుక్కలా పడి చచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను."

టీచరమ్మకి అర్థమైంది. చటుక్కున లేచి రెండు అరచేతులతో అక్క చెవులు మూసింది. కానీ ఆమె కళ్ళు తెరుచుకున్నాయి. గాజు అవతల తమ్ముణ్ణి చూశాయి. అతను ఆమె వైపే చూస్తూ, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాడు.

"ముసలి వయసులో నీకు మొగుడు కావలసొచ్చిందా? నవ్వొచ్చింది నాకు. నువ్వు పోతే నాకు వండేదెవరు? అందుకే చంపాను."

మత్తుమందుకీ అందని చోటు మనిషిలో ఒకటుంటుంది. టేపు వెనక నుంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. అంకె ఎనభై, నూట అయిదు, నూట నలభై, నూట డెబ్బై.

వలయం చివర వెంట్రుకంత ఖాళీ ఉండగా ఎర్రగా మారింది.

సైరన్ మోగింది. బోర్డు మీద పచ్చదీపం ఆరిపోయింది. గేట్ల తాళాలు పడిన చప్పుడు ఎక్కడో కింద, కాంక్రీటు లోపల, ఉరుములా పాకింది. ప్రమాద సమయంలో గదిలోవాళ్ళు చిక్కుకుపోకుండా గడియ తనంతట తానే ఊడిపోయే ఏర్పాటు ఉంది. ఇనుప తలుపు తెరుచుకుంది.

ఇన్‌ఛార్జ్ తుపాకి తీయబోయాడు. తాబేలు వాడి మోకాలి మీద ఒకటి కాల్చాడు. పడ్డాక చేతి మీద ఇంకొకటి కాల్చాడు. ఆమోదం ఇచ్చిన చెయ్యి. అవసరం లేదు, అయినా కాల్చాడు.

టీచరమ్మ రెండు చేతులూ పైకెత్తింది. ఆమె నవ్వు తిరిగొచ్చింది. "స్ట్రాప్ వదులైంది," అంది. "నేను మీకు చాలా పనికొస్తాను. వాళ్ళ పేర్లన్నీ నా దగ్గరున్నాయి."

"రిమైండర్ మార్చింది నువ్వే."

"నేనే. కానీ చెప్పకుండా చెయ్యలేదు. రెండు రోజుల ముందే మీ పెద్దాయనకి చెప్పాను. ఆపితే ముఠాకి నా మీద అనుమానం వస్తుందన్నాను. ఆలోచించి, సరే కానీ అన్నా—"

వెనక నుంచి ఒకే గుండు. ఎర్రగోళ్ళ చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉండగా ఆమె పక్కకి ఒరిగిపోయింది.

గుమ్మంలో పెద్దాయన. పిస్టల్ కోటులో పెట్టుకున్నాడు. "ఆమె చేతిలో ఆయుధం ఉందనుకున్నాను," అన్నాడు.

"మీరు చూపు పరీక్ష చేసే డాక్టరు సార్."

"డాక్టర్లకీ సైటు వస్తుందయ్యా."

తాబేలు వంగి అక్క చేతి టేపు కోస్తున్నాడు. ఆమె స్పృహలో లేదు. "ఆమె చెప్పింది నిజమేనా? ఆయన చస్తాడని మీకు తెలుసా?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. "తెలుసు. లోపలున్న మన మనిషిని కాపాడుకోవాలంటే ఒకణ్ణి వదులుకోవలసొచ్చింది."

"ఆమె మన మనిషి కాదు కదా!"

"అది ఇవాళ తెలిసింది." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "దిగువన ఊరంతా బతికే ఉంది. నువ్వు చేసింది చాలా గొప్ప పని. ఆ మాటలు... అంత తొందరలో అంత బాగా ఎలా తట్టాయోయ్?"

తాబేలు అక్కని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. అతని నాడి ఎప్పటిలాగే నిదానంగా కొట్టుకుంటోంది. తన గుండె మీద అతనికి అసహ్యం వెయ్యడం అదే మొదటిసారి.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు అక్క తలుపు సగమే తెరిచింది. చేతులకి టేపు ఒరుసుకున్న గాట్లు ఇంకా మానలేదు. అతను సంచిలో పళ్ళు తెచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"అబద్ధం అక్కా," అన్నాడు. "నీ నాడి ఎగరాలని అలా అన్నాను. ఊరు మునిగిపోయేది. నువ్వూ..."

"తెలుసు. మీ పెద్ద సారు వచ్చి చెప్పాడు. నువ్వు ఫిల్టర్లు అమ్మవట."

"అమ్మను."

"ఇన్నేళ్ళూ వానొచ్చినా ఎండొచ్చినా ఫిల్టర్లు అమ్ముకుంటున్నాడు పాపం అనుకున్నా. అబద్ధాలు చేతకావు నీకని నేనే అన్నాను చూడు." ఆమె నవ్వలేదు. "సరే. ఒక్కటి చెప్పు. నువ్వు చంపలేదు. నమ్ముతా. మరి మీ ఆఫీసులో ఎవరికీ ముందే తెలియదా?"

తాబేలు నోరు తెరిచాడు. తుపాకుల ముందు, తాళ్ళ కింద, కరెంటు వైర్ల ముందు పొల్లు పోకుండా అబద్ధాలాడిన నోరు అది. తెలియదు అంటే చాలు. నాలుగే అక్షరాలు. గాజు గోడ దగ్గర అబద్ధం అంత సులువుగా దొర్లిన నోట్లోంచి ఆ నాలుగు అక్షరాలూ రాలేదు.

అక్క కాసేపు ఎదురుచూసింది. చాలాసేపే చూసింది, పెంచిన మనిషి కదా.

"ఆ మాట అబద్ధమే," అంది చివరికి. "కానీ అది నీ నోట్లో అంత సిద్ధంగా ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? ముసలి వయసులో మొగుడని. వండేదెవరని. అది అప్పటికప్పుడు పుట్టినట్టు లేదు."

"అక్కా..."

"వెళ్ళు నాయనా. పళ్ళు కింద వాచ్‌మన్‌కి ఇచ్చెయ్."

తలుపు వేసింది. విసురుగా వెయ్యలేదు. పడుకున్న పిల్లాడు లేవకుండా వేసినట్టు, చప్పుడు లేకుండా వేసింది. విసురుగా వేసి ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది.

తాబేలు మెట్ల మీద కూర్చుండిపోయాడు. పై అంతస్తు ఆవిడ పాలు తీసుకుని పక్కనుంచి ఎక్కి వెళ్ళింది. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూసింది. కింద వీధిలో, మునగకుండా మిగిలిన ఊరు, తన కూరగాయలు తను బేరమాడుకుంటూ ఉంది. ఎంతసేపు కూర్చున్నాడో అతనికి తెలియలేదు.

అతని వాచీకి మాత్రం తెలుసు. అది మెత్తగా అదిరింది. "చాలాసేపటి నుంచి కదలకుండా కూర్చున్నారు. లేచి నాలుగడుగులు వెయ్యండి, మీ గుండెకి మంచిది."

తాబేలు లేచాడు. సర్కారు నౌకరు మరి. ఆర్డరు వచ్చాక, ఇచ్చినవాడి మొహం చూడకూడదు.